ఒరుగులు ఎండేది ఎండకా, గాలికా?

ఫిబ్రవరి నడుమ ఎల్లారెడ్డిపేటలో మధ్యాహ్నం వేడి 32 డిగ్రీల దగ్గర ఉంటుంది. సెప్టెంబరులో వాన తెరిపిచ్చిన రోజు కూడా ఇంచుమించు అంతే. రెండు కాలాల్లోనూ అదే బంగ్లా మీద, అదే చాపలో పండుమిరపకాయలు పోసి చూడండి. ఫిబ్రవరి కాయలు చేత్తో కలియబెడితే గలగలమనే నాటికి, సెప్టెంబరు కాయలు ఇంకా మెత్తగానే ఉంటాయి. తొడిమ దగ్గర నల్లబడతాయి, చీల్చి చూస్తే గింజల మధ్య బూజు కనిపిస్తుంది. థర్మామీటరు రెండుసార్లూ ఒకే అంకె చూపింది కదా, తేడా ఎక్కడొచ్చింది?

తేడా గాలిలో ఉంది. కాయలోని నీటిని ఆవిరి చేసేది వేడి. ఆ ఆవిరిని అక్కడి నుంచి తీసుకుపోయేది గాలి. ఆ గాలిలో చోటు లేకపోతే వేడి ఎంత ఉన్నా పని సాగదు. ఎండబెట్టడంలో సూర్యుడికి దక్కాల్సిన దానికంటే ఎక్కువ పేరు దక్కిందని నా అభిప్రాయం.

సిరిసిల్ల నుంచి కామారెడ్డి పోయే రోడ్డు మీద ఉన్న ఈ మండలంలో వానలు పడే రెండు మూడు నెలలు తప్ప ఎప్పుడూ ఏదో ఒకటి ఎండుతూనే ఉంటుంది. సంక్రాంతి దాటితే మిరపకాయలు, కందులు. శివరాత్రి తర్వాత చింతపండు. ఉగాది నుంచి వడియాలు, సల్ల మిరపకాయలు, మామిడి ఒరుగులు, దోస ఒరుగులు. యాసంగి కోతలు మొదలైతే రోడ్డు పొడవునా వడ్లు. పైన కోరుట్ల, మెట్‌పల్లి వైపు పోతే కల్లాల నిండా పసుపు. ఫ్రిజ్ లేని రోజుల్లో ఇంట్లో యాటను కోస్తే మిగిలిన మాంసాన్ని సన్నగా చీరి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేసేవారు. ఈ ఎండు తునకల కూర ఇప్పటికీ కొన్ని ఇళ్లలో వండుతూనే ఉన్నారు.

గాలి లెక్క ముందు చూద్దాం. వేడి పెరిగేకొద్దీ గాలిలో ఆవిరికి చోటు పెరుగుతుంది, అదీ కొద్దికొద్దిగా కాదు. 25 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలిలో గరిష్ఠంగా 23 గ్రాముల ఆవిరి పడుతుంది. 42 డిగ్రీలకు 56 గ్రాములు. 60 డిగ్రీలకు 130 గ్రాములు. ఏప్రిల్‌లో పొద్దున్నే 26 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉందనుకుంటే, ఘనపు మీటరుకు 14, 15 గ్రాముల ఆవిరి ఉన్నట్టు. మధ్యాహ్నానికి అదే గాలి 42 డిగ్రీలకు వేడెక్కుతుంది. కొత్తగా ఆవిరి చేరలేదు, ఉన్నది పోలేదు. కానీ చోటు పెరిగింది కాబట్టి తేమ శాతం 25కు పడిపోతుంది. ఇప్పుడు ప్రతి ఘనపు మీటరూ ఇంకా 40 గ్రాములకు పైగా తీసుకోగలదు. జూలైలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నప్పుడు ఖాళీ ఎంతో తెలుసా? 6 గ్రాములు. ఇంచుమించు ఏడో వంతే.

మొదటి చిక్కుముడి కూడా ఇక్కడే విడిపోతుంది. 32 డిగ్రీల గాలిలో తేమ 30 శాతం ఉంటే ఖాళీ 23 గ్రాముల పైచిలుకు. అదే వేడిలో తేమ 70 శాతం ఉంటే ఖాళీ 10 గ్రాములు. వేగం సగానికి పడిపోవడం ఒక్కటే అయితే రెండింతల రోజులు ఆగి ఊరుకోవచ్చు. అసలు ఇబ్బంది అది కాదు, కాసేపట్లో దానికి వస్తాను.

ఇక సూర్యుడి వాటా. మే నెల నడుమ ఈ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకు నీడ పడదు. వాతావరణానికి పైన చదరపు మీటరుకు సుమారు 1361 వాట్ల చొప్పున వచ్చే సౌరశక్తిలో, మబ్బులేని మధ్యాహ్నం నేలకు చేరేది వెయ్యి వాట్ల దాకా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒక చదరపు మీటరు బంగ్లా మీద రోజు మొత్తానికి దాదాపు 6 యూనిట్ల శక్తి పడుతుంది. కరెంటు బిల్లులో లెక్కపెట్టే యూనిట్లే ఇవి.

దీన్ని మామిడి ఒరుగుల మీద పెట్టి చూద్దాం. చెక్కు తీసి, టెంక తీసేసిన పది కిలోల మామిడి ముక్కల్లో 85 శాతం నీళ్లే అనుకుంటే, అసలు సరుకు కిలోన్నర. నిల్వకు పనికొచ్చేలా 12 శాతం తేమ మిగిల్చి ఎండబెడితే చేతికొచ్చేది కిలో ఏడువందల గ్రాములు. అంటే 8.3 కిలోల నీళ్లు ఆవిరి కావాలి. కిలో నీళ్లు ఆవిరి కావడానికి ఈ వేడిలో సుమారు 2.4 మెగాజౌళ్ల శక్తి కావాలి. మొత్తం 20 మెగాజౌళ్లు, అంటే ఐదున్నర యూనిట్లు. ఒక చదరపు మీటరు మీద ఒక్కరోజు పడే ఎండ కాగితం మీద దీనికి చాలు. కానీ వాస్తవంలో అదే సరుకుకు రెండు మూడు చదరపు మీటర్ల చోటు, మూడు నాలుగు రోజులు పడుతుంది. మిగతా ఎండంతా బంగ్లాను, పక్కన పోయే గాలిని వేడిచేయడానికే పోయింది. ఎండకు డబ్బులు కట్టం కాబట్టి ఈ దుబారా ఎవరికీ పట్టదు. టమాటలు ఇంకా నీళ్లమయం. కిలో ధర నేలకు దిగిన రోజుల్లో పది కిలోలు ఎండబెడితే మిగిలేది ఆరేడు వందల గ్రాములే.

జగిత్యాల వైపు మామిడి తోటలెక్కువ. ఈదురుగాలికి రాలిన కాయకు పండుకాయ ధర రాదు. ఆ కాయలనే కోసి, ఎండబెట్టి ఆంచూరు పొడికి పంపుతారు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపుతోపాటు ఈ మామిడి ఒరుగుల వ్యాపారం కూడా ఏటా సాగుతుంది.

ముక్క ఎండే తీరులో రెండు దశలుంటాయి. మొదటి రోజు ముక్క పైనంతా తడి. ఆవిరయ్యే ప్రతి చుక్కా ముక్కలోని వేడిని పట్టుకుపోతుంది కాబట్టి, నీడలో ఉంచిన తడి ముక్క 42 డిగ్రీల గాలిలో కూడా 26 డిగ్రీల దగ్గరే ఉండగలదు. రంజన్‌లో నీళ్లు ఎండాకాలం చల్లగా ఉండే కారణమే ఇక్కడా పనిచేస్తుంది. ఎండ తగిలితే ఇంకొంచెం వేడెక్కుతుంది, అంతే. ఈ దశలో పనిని నడిపేది పూర్తిగా గాలి. గాలి ఆడకపోతే ముక్క చుట్టూ ఉన్న పలుచని పొర ఆవిరితో నిండిపోయి అక్కడే నిలిచిపోతుంది. ఉక్కపోసే రోజు ఎండ ఎంత మండినా ముక్కలు ఎండకపోవడం ఇందుకే.

పైతడి ఆరాక రెండో దశ. ఇప్పుడు నీళ్లు ముక్క నడుమ నుంచి పైకి పాకి రావాలి. ఇది చాలా నిదానం. దూరం రెండింతలైతే కాలం నాలుగింతలు అవుతుంది. 4 మిల్లీమీటర్ల ముక్క ఒక రోజులో ఆరితే, 8 మిల్లీమీటర్ల ముక్కకు నాలుగు రోజులు కావాలి. కత్తిపీట ముందు కూర్చుని ముక్కలు ఇంకాస్త సన్నగా కోయడానికి పట్టే పావుగంట, బంగ్లా మీద మూడు రోజుల కాపలాను తప్పిస్తుంది. ఒకే చాపలో సన్నవీ మందంవీ కలిపి పోస్తే, సన్నవి పెళుసెక్కే దాకా ఆగినా మందంవాటి కడుపులో తడి ఉండిపోతుంది.

మొదటి రోజే విపరీతమైన వేడి తగిలితే ఇంకో కష్టం. పైపొర గట్టిపడి మూసుకుపోతుంది, లోపలి నీళ్లకు దారి ఉండదు. చేతికి ఎండినట్టే తగిలి, డబ్బాలో పోసిన వారానికి బూజు పట్టే ఒరుగుల కథ ఇదే. అందుకే మొదటి రోజు కాస్త మెల్లగా, గాలి ఎక్కువగా, తర్వాత వేడి ఎక్కువగా ఉండటం మంచిది.

ఎండబెట్టడానికి మన దగ్గర ఉన్న పనిముట్లలో అన్నింటికంటే తెలివైనది నులక మంచం. దాని మీద పలుచని పాత చీర పరిచి ముక్కలు పోస్తే గాలి కింది నుంచీ ఆడుతుంది. ఆవిరి పోయే వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది. దండెం మీది ఎండు తునకలకు దక్కే లాభమూ ఇదే. ఇప్పుడు చాలా బంగ్లాల మీద నీలం రంగు టార్పాలిన్లు కనిపిస్తున్నాయి. చౌక, దుమ్ము అంటదు, మొగులైతే నాలుగు మూలలు పట్టి ఒక్కసారే ఎత్తుకోవచ్చు. అన్నీ నిజమే. కానీ కింది గాలిని అది పూర్తిగా మూసేస్తుంది, ముక్క అడుగున చెమట పడుతుంది. వడ్లకైతే సరేగానీ, కోసిన ముక్కలకు టార్పాలిన్ పనికిరాదనే నేనంటాను.

ఎంత ఎండితే ఎండినట్టు? చాలాకాలం శాస్త్రం కూడా దీన్ని తేమ శాతంతోనే కొలిచింది. ఆ లెక్క కుదరలేదు. 14 శాతం తేమ ఉన్న వడ్లు నిల్వ ఉంటాయి, దాదాపు 20 శాతం తేమ ఉన్న ఖర్జూరాలూ ఉంటాయి. కానీ నూనె ఎక్కువగా ఉన్న పల్లీలు 10 శాతం దగ్గరే బూజు పడతాయి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త విలియం జేమ్స్ స్కాట్ 1950ల్లో దీనికి జవాబు చూపాడు. పదార్థంలో ఎన్ని నీళ్లున్నాయన్నది కాదు, సూక్ష్మజీవి తాగడానికి వీలుగా ఎన్ని ఉన్నాయన్నదే లెక్క. చక్కెరకో, ఉప్పుకో, పిండికో కట్టుబడి ఉన్న నీరు బూజుకు అందదు. ఈ అందుబాటును 'నీటి క్రియాశీలత' అనే కొలతతో చెబుతారు. స్వచ్ఛమైన నీటికి 1. చాలా బ్యాక్టీరియా 0.91 కంటే దిగువన పెరగలేవు. గట్టి పిండమైన స్టెఫైలోకోకస్ 0.86 దాకా తట్టుకుంటుంది. మామూలు బూజులు 0.80 దగ్గర ఆగిపోతాయి. 0.60 కంటే కిందికి దించితే ఏదీ పెరగదు.

ఈ అంకెకూ గాలిలోని తేమకూ నేరుగా సంబంధం ఉంది. 0.60 అంటే 60 శాతం తేమ ఉన్న గాలితో సమతూకంలో ఉన్నట్టు. 70 శాతం తేమ ఉన్న గాలిలో పది రోజులు ఆరబెట్టినా, నెల రోజులు ఆరబెట్టినా పదార్థం 0.70 దగ్గరే నిలిచిపోతుంది. ఎండ తగిలి వేడెక్కిన గంటల్లో కొంచెం కిందికి దిగినా, పొద్దు గూకాక గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటుంది. ఇందాక ఆపిన మాట ఇదే. సెప్టెంబరు మిరపకాయకు కావలసింది ఇంకో నాలుగు రోజులు కాదు, వేరే గాలి. తేమ 60 శాతం దాటిన రోజుల్లో ఆరుబయట పండ్లు, కూరగాయలు ఎండబెట్టవద్దని ఆహార నిల్వ నిపుణులు చెప్పేది ఈ కారణంగానే.

తేమ కొలిచే యంత్రం ఇంట్లో ఉండదు, ఉప్పు డబ్బా ఉంటుంది. శుద్ధమైన ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటగానే దాన్ని పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. దొడ్డుప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి కాబట్టి ఇంకా ముందే తడుస్తుంది. డబ్బాలో ఉప్పు ముద్దకట్టిన రోజు ఒరుగుల జోలికి పోకపోవడమే మేలు.

ఉప్పు ఇంకో పని కూడా చేస్తుంది. తనకు పట్టినన్ని నీళ్లను కట్టిపడేసి క్రియాశీలతను దించుతుంది. నిండుగా ఉప్పు కరిగిన నీటికి ఆ అంకె 0.75. సల్ల మిరపకాయల పద్ధతి ఈ కోణంలో చూస్తే ముచ్చటేస్తుంది. మిరపకాయ పైన మైనపు పొర ఉంటుంది, నీటిని బయటికి పోనీయదు. అందుకని నిలువునా గాటు పెడతారు. ఉప్పు కలిపిన పులిసిన సల్లలో నానేస్తారు. పొద్దంతా ఎండలో, రాత్రి మళ్లీ అదే సల్లలో, సల్ల అయిపోయేదాకా. గాటుతో దారి తెరుచుకుంది, పులుపు బ్యాక్టీరియాను అణిచింది, ప్రతి రాత్రీ ఇంకాస్త ఉప్పు లోపలికి పోయింది. ఎండ సరిగా రాని రోజు కూడా కాయ కుళ్లకుండా ఇవి కాపాడతాయి.

బూడిద గుమ్మడి వడియాల్లో పొదుపు వేరే రకం. ఆ కాయలో 96 శాతం నీళ్లే. తురిమి ఉప్పు కలిపి, గుడ్డలో మూటగట్టి, పైన రాతి బరువు పెట్టి రాత్రంతా ఉంచితే సగానికి సగం నీళ్లు పైసా ఖర్చులేకుండా దిగిపోతాయి. రెండు కిలోల నీళ్లు అలా కారిపోతే 1.3 యూనిట్ల ఎండ మిగిలినట్టే. ఎండే గంటలు తగ్గాయి కాబట్టి మినప్పిండి పులిసిపోయే ప్రమాదమూ తగ్గింది.

బియ్యం వడియాల సంగతి తిరగబడి ఉంటుంది. అవి మరీ ఎండిపోకూడదు. ఉడికిన పిండి ఎండి గాజులా బిగుసుకుంటుంది, అందులో పదో వంతు తేమ చిక్కుకుని ఉంటుంది. కాగిన నూనెలో వేయగానే పిండి మెత్తబడుతుంది, ఆ తేమ ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు లీటరున్నరకు పైగా ఆవిరి అవుతుంది. వడియం పొంగేది ఆ తోపుకే. రెండేళ్లు మూలకు పడి పూర్తిగా ఆరిపోయిన వడియాలు నూనెలో గట్టిగా ఉండిపోవడానికి పాతబడటం కంటే తేమ చాలకపోవడమే పెద్ద కారణం.

ఇక పసుపు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాలతో పాటు పక్కనున్న నిజామాబాద్ జిల్లా కలిస్తే తెలంగాణ పసుపులో సింహభాగం ఇక్కడిదే. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం 2025 జూన్ 29న నిజామాబాద్‌లో తెరుచుకుంది. తవ్విన పసుపును ముందు ఉడకబెడతారు. ఒకప్పుడు కడాయిల్లో, ఇప్పుడు చాలాచోట్ల ఆవిరి బాయిలర్లలో. ఉడికితే పిండి పదార్థం ఉబ్బి కణాలు తెరుచుకుంటాయి, పచ్చివాసన పోతుంది, రంగు కొమ్మంతా సమంగా పాకుతుంది, ఆరడానికి తక్కువ రోజులు పడుతుంది. అయినా పది పదిహేను రోజుల కల్లం తప్పదు. వంద కిలోల పచ్చి కొమ్ములకు రకాన్ని బట్టి పది నుంచి ముప్పై కిలోల ఎండు పసుపు మిగులుతుంది.

పసుపును మామిడిలా పలుచగా పరచకూడదు. ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల మందంలో పొయ్యమంటారు. పలుచగా పోస్తే త్వరగా ఎండుతుంది నిజమే, కానీ రంగు దెబ్బతింటుంది. పసుపు రంగుకు మూలమైన కర్కుమిన్ వెలుతురుకు విరిగిపోయే పదార్థం. బట్ట మీద పడిన పసుపు మరక సబ్బుకు లొంగకపోయినా ఎండలో వేస్తే వెలిసిపోతుంది, అది ఇదే రసాయనం. కరివేపాకు, మునగాకు, మెంతికూర నీడన ఆరబెట్టాలనడంలోనూ ఈ న్యాయమే ఉంది. సూటిగా తగిలే ఎండ ఆకుపచ్చదనాన్ని, ఎ-విటమిన్‌గా మారే కెరోటిన్‌ను, సి-విటమిన్‌ను చెడగొడుతుంది. పొడిగాలి ఉంటే నీడన కూడా ఆకు రెండు రోజుల్లో పెళుసెక్కుతుంది. ఎండకు ఇక్కడ పనే లేదు.

పసుపు ఎండిందో లేదో తెలుసుకోవడానికి రైతు కొమ్మును విరుస్తాడు. టంగుమని లోహం మోగినట్టు మోగితే ఎండినట్టు. ఇది గుడ్డి గుర్తు కాదు. నీరున్నంతసేపు పిండి పదార్థపు అణువులు ఒకదాని మీద ఒకటి జారగలవు, కొమ్ము వంగుతుంది. నీరు పది శాతం దగ్గరకు దిగితే అవి కదల్లేక గాజుస్థితిలో బిగుసుకుంటాయి, అప్పుడు విరగడమే. చక్కెర ఎక్కువున్న మామిడిపండు, టమాట అంత తేలిగ్గా ఈ స్థితికి రావు. అవి తోలులా సాగుతూనే నిల్వ ఉంటాయి, పెళుసెక్కేదాకా ఎండబెట్టాలని పట్టుబడితే నల్లబడతాయి.

ఇదే ఎండ వడ్లకు శత్రువు. కోసినప్పుడు ఇరవై శాతం పైబడి తేమ ఉండే వడ్లను, కొనుగోలు కేంద్రంలో 17 శాతానికి దించి చూపాలి. అందుకే ఈ మండలంలోని అల్మాస్‌పూర్ అయినా, రాచర్ల బొప్పాపూర్ అయినా రోడ్లన్నీ వడ్ల కుప్పలు. మండే తారురోడ్డు మీద పలుచగా పోసిన గింజ పైన ఒకలా, లోపల ఒకలా ఆరుతుంది, రాత్రి మంచుకో, చిరుజల్లుకో మళ్లీ నీళ్లు పీల్చుకుంటుంది. పైపొర ఉబ్బుతుంది, నడుమ ఉబ్బదు, బియ్యపు గింజకు అడ్డంగా సన్నని పగులు పడుతుంది. పొట్టు లోపలి పగులు కంటికి కనపడదు, మిల్లులో నూకలై బయటపడుతుంది. చేను మీదే 40 డిగ్రీలు దాటిన వేడికి పండే తెలంగాణ యాసంగి పంటకు ఈ జబ్బు మరీ ఎక్కువ. ఆ వడ్లను నానబెట్టి ఆవిరి పడితే పిండి పదార్థం ఉబ్బి పగుళ్లు అతుక్కుంటాయి. బాయిల్డ్ రైస్ చేసేది అందుకే. 2021, 22 సంవత్సరాల్లో బాయిల్డ్ రైస్ కొనుగోలు మీద రాష్ట్రానికీ కేంద్రానికీ నడిచిన పెద్ద పంచాయితీ వెనకాల ఉన్నది గింజ నడుమ పడిన ఈ పగులే. వడ్లను మందంగా పోసి, గంటకోసారి కాళ్లతో చాళ్లు దున్ని, సాయంత్రం కుప్పచేసి కప్పితే నూక చాలావరకు తగ్గుతుంది. రోడ్డు మీద పోసి చుట్టూ బండలు పెట్టడం మాత్రం చీకట్లో బండి మీద వచ్చేవాడి ప్రాణానికి ముప్పు.

సగం ఎండిన సరుకులో అసలు భయం కంటికి కనపడేది కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని రోగంతో చచ్చిపోయాయి. కారణం దాణాలో కలిసిన బ్రెజిల్ పల్లీ చెక్క. అందులో పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వదిలిన విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కారకం. వంట వేడికి పోదు. బూజు దులిపేసి మళ్లీ ఎండకు పెట్టినా పోదు. వెచ్చగా, చెమ్మగా ఉండి మెల్లగా ఆరే సరుకే ఆ బూజుకు కావాలి. మిరపకాయలు, మక్కలు, పల్లీలు మూడూ దానికి ఇష్టమే. యూరప్ దేశాలు ఎండుమిర్చిలో ఈ విషం కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే వెనక్కి పంపుతాయి, అంటే టన్నుకు 10 మిల్లీగ్రాములు. నల్లబడిన కాయను కారంలో కలిపేస్తే తెలియదులే అనుకోవడం మన ఇళ్లలో అలవాటు. ఆ ఒక్క పొదుపు మానుకోవాలి.

ఎండినవాటిని వెంటనే పెద్ద డబ్బాలోకి ఎత్తకండి. గాజు సీసాలో ముప్పాతిక కంటే తక్కువగా పోసి వారం రోజులు రోజూ ఒకసారి కదిలించండి. ముక్కల మధ్య తేమ సర్దుకుంటుంది. సీసా లోపలి గోడకు చెమ్మ కనిపిస్తే మళ్లీ ఎండకు పెట్టాలి. ఆరుబయట ఎండినవాటిలో ఈగల, పురుగుల గుడ్లు ఉండొచ్చు. ఫ్రిజ్ పైఅరలో మైనస్ 18 డిగ్రీల చలి వస్తే 48 గంటలు ఉంచితే చాలు. ఎండు తునకలకు ఈ చలి సరిపోదు, బ్యాక్టీరియా చలికి చావదు. ఆ కూరను బాగా ఉడకనివ్వాలి.

మరి వానకాలం మాటేమిటి? 1767లో జెనీవాకు చెందిన హొరాస్ బెనెడిక్ట్ డి సోసూర్ గాజు పలకల పెట్టెలతో ఎండను బంధించే ప్రయోగాలు మొదలుపెట్టాడు. వాటిలో వేడి, నీరు మరిగే స్థాయిని కూడా దాటింది. ఇప్పటి సోలార్ డ్రయర్లన్నీ ఆ పెట్టె సంతతే. లోపల నల్లరంగు రేకు, పైన గాజు, కింద గాలి వచ్చే దారి, పైన పోయే దారి. పని జరిగేది ఇలా. జూలై నాటి 30 డిగ్రీల, 80 శాతం తేమ గాలిని ఈ పెట్టె 50 డిగ్రీలకు వేడి చేసిందనుకోండి. ఆవిరి తగ్గలేదు, చోటు పెరిగింది, తేమ 27 శాతానికి దిగింది. అంటే జూలైలో కూడా ఏప్రిల్ మధ్యాహ్నపు గాలి తయారైంది. హైదరాబాద్‌లోని సొసైటీ ఫర్ ఎనర్జీ, ఎన్విరాన్‌మెంట్ అండ్ డెవలప్‌మెంట్ సోలార్ పలకతో నడిచే ఫ్యాన్లు పెట్టి ఇలాంటి డ్రయర్లను చాలాకాలంగా రూపొందిస్తోంది.

ఏప్రిల్, మే నెలల్లో ఇంటి వాడకానికి పెట్టె అక్కర్లేదు, మంచమే మేలు. కోతులుంటే తప్ప. ఈ చుట్టుపక్కల ఊళ్లలో బంగ్లా ఎక్కే కోతుల గురించి ఏ పాఠ్యపుస్తకంలోనూ రాసి ఉండదు గానీ, పెట్టె కొనాలనిపించడానికి తేమ కంటే అవే బలమైన కారణం. సొంతంగా చేసుకునేవాళ్లకు రెండు మాటలు. మామిడి, టమాట ఆరేసే జల్లెడకు జింకు పూత ఉన్న ఇనుప వల వాడకండి, పులుపుకు ఆ జింకు కరిగి ముక్కల్లో చేరుతుంది. స్టీలు వలో, నూలు బట్టో వేయండి. లోపల వేడి 60 డిగ్రీలు దాటితే సంబరపడకండి, గాలి దారులు ఇంకా తెరవండి.

గాలి దారి ఎంత ఉండాలో లెక్క కడితే తెలుస్తుంది. పది కిలోల మామిడి ముక్కల నుంచి 8.3 కిలోల నీళ్లు పోవాలి. పెట్టెలోంచి పోయే ప్రతి ఘనపు మీటరు గాలీ 15, 20 గ్రాములు మోస్తే మొత్తం 400 నుంచి 550 ఘనపు మీటర్ల గాలి కావాలి. రెండు రోజుల్లో, రోజుకు ఎనిమిది గంటల చొప్పున పని ముగించాలంటే గంటకు 30 ఘనపు మీటర్ల గాలి ఆడాలి. రూపాయి బిళ్లంత రంధ్రాలు నాలుగు పెట్టిన పెట్టెకు అది అసాధ్యం. పాత కంప్యూటర్లో ఉండే 12 సెంటీమీటర్ల ఫ్యాను గంటకు 60 ఘనపు మీటర్లకు పైగా గాలి నెడుతుంది, జల్లెళ్ల అడ్డు వల్ల సగం తగ్గినా సరిపోతుంది. దాన్ని తిప్పడానికి పది వాట్ల సోలార్ పలక చాలు, మొగులు పట్టినప్పుడు ఫ్యానూ నెమ్మదిస్తుంది, వేడీ తగ్గుతుంది, రెండూ ఒకదానికొకటి సర్దుకుంటాయి.